నొప్పి లేదుగా!



పప్పులో ఉప్పు ఎక్కువైందేమోనని ఇంట్లో నలుగురినీ అడుగుతాం. రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలితే మాత్రం కట్టుకున్నవారికైనా చెప్పం. "నొప్పి లేదుగా, అదే పోతుందిలే" అనుకుంటాం. ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ 'నొప్పి లేదుగా' గురించే. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. నొప్పి ఉన్నా లేకున్నా, ఏ గడ్డనైనా డాక్టరు చూసి తేల్చవలసిందే.

మా మధురానగర్‌కు ఫిల్మ్‌నగర్ ఎంతో దూరం కాదు. తెరమీద మనం చూసే నటి హంసానందిని గారు తన జబ్బు సంగతి 2021 డిసెంబరులో దాచుకోకుండా చెప్పారు. చిన్న గడ్డ తన చేతికే తగిలిందట. వారి అమ్మగారు అదే జబ్బుతో పోయారు. వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం ఉన్నట్టు పరీక్షలో తేలింది. తల్లికో, అక్కచెల్లెళ్ళకో ఈ జబ్బు వచ్చి ఉంటే డాక్టరుతో ఆ మాట ముందే చెప్పండి. సిగ్గుపడవలసిందేముంది?

ముంబయి టాటా ఆస్పత్రివారు లక్షన్నర మంది స్త్రీలను ఇరవయ్యేళ్ళు గమనించి, 2021లో ఫలితాలు ప్రకటించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షించారు, అంతే. యాభై దాటినవారిలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో మాత్రం అంత తేడా కనబడలేదు.

ఇక మామోగ్రాం. నలభై దాటాక ఎప్పుడు, ఎన్నాళ్ళకోసారి తీయించుకోవాలో డాక్టరుని అడగండి. చిన్న వయసువారికి అల్ట్రాసౌండ్ తీయమంటారు. మామోగ్రాంలో రెండు పలకల మధ్య రొమ్మును కాసేపు నొక్కుతారు. అసౌకర్యమే, కాని కొద్ది క్షణాలు. నెలసరి అయిన తరువాతి వారంలో వెళితే బాధ తక్కువ. ఆ రోజు చంకల్లో పౌడరు వేసుకోకండి, ఫిల్ములో మచ్చల్లా కనబడుతుంది. మెడలో గొలుసులు తీయమంటారు. పుస్తెలు తీయడానికి మనసొప్పకపోతే ఆ కాసేపు పసుపుతాడు కట్టుకుంటే సరి. మళ్ళీ రమ్మన్నారంటే క్యాన్సరేనని బెంగపడకండి, చాలావరకు కాదు.

మన ఊళ్ళో ఆస్పత్రులకేం కొదవ? రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి 1955 నుంచీ ఉంది. ఎన్.టి. రామారావు గారి భార్య బసవతారకం గారు క్యాన్సర్‌తో పోయారు. ఆమె పేరిట బంజారాహిల్స్‌లో 2000లో ఆస్పత్రి తెరిచారు.

ఎముకల సంగతీ ఇంతే సుమండీ. ముట్లుడిగాక ఎముక లోలోపల గుల్లబారుతుంది, చప్పుడుండదు, నొప్పుండదు. ఓ రోజు బాత్‌రూంలో కాలు జారి తుంటి విరిగితేగాని తెలియదు. రొమ్ము క్యాన్సర్‌కి వాడే కొన్ని మందులవల్ల కూడా ఎముక పలచబడుతుంది. ఆ మందులు వాడేవారికి డెక్సా పరీక్ష రాయడం అందుకే. మిగతావారిలో 65 దాటినవారు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు, స్టీరాయిడ్లు వాడేవారు, తొందరగా ముట్లుడిగినవారు అడిగి చేయించుకోవాలి. పడుకుంటే పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, సూది కూడా ఉండదు. రిపోర్టులో టి-స్కోరు మైనస్ 2.5 గాని, అంతకంటే తక్కువగాని ఉంటే ఎముక గుల్లబారినట్టు లెక్క. చీర పిన్నులు, లోహపు హుక్కులు తీసేసి వెళ్ళండి. కాల్షియం మాత్ర ముందురోజు మానేయండి. రాగిజావ మానక్కరలేదు, అది రోజూ తాగవలసిందే!