పక్షపాత శంకయు, ఒప్పించు విధమును
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



 విద్యావ్యాప్తిని గూర్చి మాకంటె పెద్దలు ముచ్చటించియున్నారు గావున మేము వేరొక సంగతిని విన్నవింపదలచితిమి. మన విద్యార్థి వేతననిధి పంపకమునుగూర్చి రెండేండ్లుగా తగవు నడచుచున్నది. నిర్ణయసంఘము డెల్టావారి పక్షమని మెట్ట గ్రామములవారును, మెట్టవారి పక్షమని డెల్టా గ్రామములవారును వ్రాసిన యర్జీలు రెండును కార్యదర్శిగారి యొద్ద ఒక్క కట్టలోనే యున్నవి. ఒకే నిర్ణయము ఇరువురకును ప్రతికూలముగా నెట్లు తోచెను? ఇందెవ్వరును బొంకుట లేదని మా నమ్మకము.

1951వ సంవత్సరము నవంబరులో అమెరికాయందు ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విద్యాలయముల నడుమ ఫుట్‌బాలు పందెము జరిగినది. (అది మన పిల్లలాడు కాలిబంతి గాదు, బంతిని చేతబట్టి పరుగిడుచు, ఒకరినొకరు పడద్రోయు మోటాట.) ప్రిన్స్‌టన్ జట్టు ముఖ్యునకు ముక్కు విరిగెను, డార్ట్‌మత్ ఆటగానికొకనికి కాలు విరిగెను. పిదప హాస్టార్ఫ్, కాంట్రిల్ అను మనశ్శాస్త్రజ్ఞులు ఆ యాట చలనచిత్రమును ఉభయ విద్యార్థులకును జూపి, నియమభంగముల నెన్నుడనిరి. చిత్రమొక్కటియే. అయినను డార్ట్‌మత్ జట్టు తప్పులు, డార్ట్‌మత్ విద్యార్థులకు గానవచ్చిన వానికంటె ప్రిన్స్‌టన్‌వారికి రెట్టింపునకు మించి కానవచ్చెను. 1954లో ఈ ఫలితములను ప్రకటించుచు, వారిరువురును చూచినది ఒకే యాట కాదనియే ఆ పండితులు తలచిరి.

ఇంతకంటె మన తగవునకు దగ్గరగా నున్నది మరియొకటి. 1982లో బీరూట్ నగరమున సబ్రా, షటీలా శిబిరములయందు ఘోరహత్యలు జరిగినవి. వానిని గూర్చిన దూరదర్శన వార్తలనే స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు జూపి, వాలోన్, రాస్, లెపర్ అనువారు 1985లో తమ పరిశోధనమును ప్రకటించిరి. ఇస్రాయేలు పక్షమువారు అవి తమకు వ్యతిరేకములనిరి. అరబ్బుల పక్షమువారును అట్లే యనిరి. తటస్థులు చూచినచో తమ పక్షమునే ద్వేషింతురని ఉభయులును భయపడిరి! కారణము నూహించుట కష్టము గాదు. మన బాధ మనకు అభిప్రాయముగా దోపదు, సత్యముగానే తోచును. సత్యమునకును ఎదుటివాని మాటకును సమముగా చోటిచ్చినవాడు మన కన్నులకు అటువైపు ఒరగినవాడే యగును.

మరి తనయందలి యొరుగు తనకేల కనబడదు? ప్రోనిన్, లిన్, రాస్ అనువారు 2002లో దెలిపిన దానినిబట్టి, జనులు ఇట్టి దోషములు ఇతరులకంటె తమకు తక్కువయని యెంచుకొందురు. ఇట్లెంచుకొన్నవారు ఇరువురు కూర్చున్నచోట సంభాషణము సాగుట దుర్లభము. పక్షపాతి యని పేరువెట్టినవానికి కారణములు చెప్పి ప్రయోజనమేమి? అందుచేతనే మన కార్యవర్గ సమావేశములు అంత త్వరగా ముగియుచున్నవి.

ఐనను ఒప్పించు మార్గము లేకపోలేదు. 1966లో వాల్‌స్టర్, ఆరన్‌సన్, అబ్రహామ్స్ అను పండితులు ఒక నేరస్థుని మాటలుగా కొన్ని వాక్యములను కొందరిచే చదివించిరి. న్యాయస్థానముల యధికారమును తగ్గింపవలెనని యతడన్నప్పుడు ఎవ్వరును లెక్కసేయరైరి. హెచ్చింపవలెనని యన్నప్పుడో, ఆ మాట బలముగా నాటినది. తన లాభమునకు ఎదురుగా బలికినవానిని శంకించుటకు కారణము దొరకదు గదా! చదువరులు కొలదిమందియే, విషయమును కల్పితమే; దానిపై గొప్ప మేడ కట్టరాదని మేమెరుగుదుము. అయినను మన పల్లెలలో మధ్యవర్తులుగా పేరొందిన వృద్ధులు తమవారి తప్పును ముందుగా జెప్పుట మీరందరును జూచినదే.

కాబట్టి మా ప్రతిపాదన యిది. రాబోవు సంవత్సరము వేతననియమములను దరఖాస్తులు తెరవకముందే అచ్చొత్తించి పంచవలెను. దరఖాస్తులపై గ్రామనామములను కప్పి, అంకెలు వేసి నిర్ణయసంఘమునకీయవలెను. మెట్టవారి కష్టమును డెల్టా పెద్ద యొకరును, డెల్టావారి కష్టమును మెట్ట పెద్ద యొకరును సభకు వినిపింపవలెను. వినిపించినది సరియని ఎదుటివారొప్పుకొనువరకు చర్చ నారంభింపరాదు. ఈ కడపటి నియమమే కొందరికి రుచింపలేదని నిన్నటి రాత్రియే వింటిమి. ఆ పనికి ఇరువైపులనుండియు పేర్లు కావలసియున్నవి. రేపటి విషయనిర్ణయసభకు ముందుగా కార్యదర్శిగారికి అందజేయ ప్రార్థించుచున్నాము.