గుడారంలో గుడ్డి దీపం

వేసవి దగ్గరికొస్తోందంటే ఇక్కడ అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో రెండు మాటలు వినపడతాయి. ఒకటి ఇండియా టిక్కెట్ల రేట్లు. రెండోది, "ఈసారైనా పిల్లల్ని క్యాంపింగుకి తీసుకెళ్దామా?" అని. ఈవేళ ఆ రెండోదానిలో ఓ చిన్న సంగతి చెప్దామనుకుంటున్నాను. టెంటు లోపల వెలుతురు కోసం ఏం పట్టుకెళ్ళాలి? "దీనికో ప్రసంగం కూడానా!" అని నవ్వుకోకండి. మా మీదకి వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

కొన్నేళ్ళ క్రితం ఓ అక్టోబరులో మేం నలుగురు మిత్రులం వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్కుకి వెళ్ళాం. అపలాచియన్ ట్రెయిల్ అనే పేరున్న కాలిబాట ఈ పార్కులో సుమారు 100 మైళ్ళు నడుస్తుంది. అందులో ఓ ముక్క నడిచి, అడవిలో ఓ రాత్రి పడుకుని రావాలని మా ప్లాను. అందరం సాఫ్ట్‌వేరు వాళ్ళమే. వీపు మీద లాప్‌టాప్ తప్ప వేరే బరువు మోసిన అనుభవం ఎవరికీ లేదు. సామాన్లు పంచుకున్నప్పుడు దీపం నా వంతుకి వచ్చింది. నేను కొట్టుకెళ్ళి ఉన్నవాటిల్లోకి పెద్ద లాంతరు కొన్నాను. ఇండియాలో పెద్ద టార్చిలైట్లలో వేస్తామే, ఆ లావుపాటి సెల్లు నాలుగు పడతాయి దాన్లో. ఆ సెల్లే అర కిలో పైన తూగుతాయి.

సాయంత్రానికి వాన మొదలైంది. టెంటు వేసుకుని లోపలికి దూరి లాంతరు బయటికి తీస్తే, అది అప్పటికే వెలుగుతోంది! బ్యాగులో ఏదో నొక్కుకుని పొద్దుటినుంచీ అలాగే వెలిగినట్టుంది. చూస్తుండగానే ఎర్రబడి ఆరిపోయింది. కిలో బరువు కొండెక్కించాను, దీపం మాత్రం కొండెక్కింది.

అప్పుడు ఓ మిత్రుడు తన బ్యాగులోంచి కొవ్వొత్తి తీశాడు. స్టీలు గ్లాసులో నిలబెట్టి వెలిగించాం. ఓ పావుగంట బాగానే ఉంది, కబుర్లు కూడా సాగాయి. ఇంకో మిత్రుడు స్వెట్టరు తీసుకుందామని వెనక్కి తిరిగేసరికి మోచెయ్యి తగిలి గ్లాసు పడింది. పక్కనున్న స్లీపింగ్ బ్యాగు అంచు భగ్గుమంది. ఒకడు నీళ్ళ సీసా గుమ్మరించాడు, ఇంకొకడు చేత్తో కొట్టాడు. నేను తలుపు జిప్పు తీయబోతే అది బట్టలో ఇరుక్కుంది. అదంతా అర నిమిషమే అయి ఉంటుంది. మంట ఆరింది. స్లీపింగ్ బ్యాగుకి అరచేతంత కన్నం పడింది. చేత్తో కొట్టినవాడి వేళ్ళకి కరిగిన నైలాను అంటుకుని బొబ్బలెక్కాయి. మిగిలిన రాత్రంతా చీకట్లో, ఆ కాలిన వాసనలో కూర్చున్నాం. ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు.

అందుకని అన్నిటికన్నా ముందు చెప్పేది ఇదే. టెంటు లోపల మంట వద్దు. కొవ్వొత్తి వద్దు, గ్యాసు లాంతరు వద్దు, చలికాచుకోవడానికని స్టవ్వు అసలే వద్దు. టెంటు గుడ్డ నైలానో పాలియెస్టరో అయి ఉంటుంది. అది నూలుగుడ్డలా కాలి బూడిదవదు, కరిగి ఒంటికి అతుక్కుంటుంది. రెండో ప్రమాదం కంటికి కనపడదు. మూసిన చోట మండే దేన్నుంచైనా కార్బన్ మోనాక్సైడ్ పుట్టవచ్చు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాడికి తెలిసేలోపే ముంచుతుంది.

మరి ఎల్.ఇ.డి. దీపమే గతి. గతి అనడం కూడా తప్పే, అంత మంచి వస్తువది. నీలం ఎల్.ఇ.డి. కనిపెట్టిన, జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నీలం వచ్చాకే తెల్లటి ఎల్.ఇ.డి. దీపాలు వీలయ్యాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎంత వెలుగు కావాలి? డబ్బాల మీద 300 ల్యూమెన్లు, 500 ల్యూమెన్లు అని పెద్దక్షరాలతో వేస్తారు. ఓ లెక్క చూడండి. ఒక కొవ్వొత్తి వెలుగు సుమారు 12 ల్యూమెన్లు. ఇళ్ళల్లో వాడిన పాత 60 వాట్ల బల్బు సుమారు 800. ఇద్దరు పట్టే టెంటు మన స్నానాలగదంత కూడా ఉండదు. అక్కడ పక్క సర్దుకోవడానికీ, పుస్తకం చదువుకోవడానికీ 20, 30 ల్యూమెన్లు చాలు. పడిపోయిన కళ్ళజోడు వెతకాలంటే 50. అంతకు మించితే కళ్ళు జిగేల్మనడం తప్ప లాభం లేదు. పైగా చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పెద్ద దీపం ఒక్కసారి వెలిగిస్తే అది మళ్ళీ మొదటికొస్తుంది. వెలుగు తగ్గించుకునే వీలున్నదీ, ఎర్ర దీపం కూడా ఉన్నదీ తీసుకోండి. మసక ఎర్ర వెలుగు కళ్ళని అంతగా చెదరగొట్టదు, పక్కవాళ్ళ నిద్రా పాడుచెయ్యదు.

వెలుగు తగ్గితే బరువూ తగ్గుతుంది. యు.ఎస్.బి.తో చార్జి చేసుకునే చిన్న దీపాలు 30 గ్రాముల లోపే దొరుకుతున్నాయి. గాలి ఊదుకునే సోలార్ లాంతర్లు ఇంకాస్త బరువుంటాయి గానీ, వర్జీనియా అడవుల్లో చెట్ల నీడన రోజంతా నడిచేవాళ్ళకి వాటి చార్జి మీద నమ్మకం పెట్టుకోకూడదు. సెల్లు వేసే దీపమైతే బరువు సెల్లతో కలిపి చూసుకోండి. ట్రిపుల్ ఏ సైజు ఆల్కలైన్ సెల్లు ఒక్కోటి 11 గ్రాములు దాటుతుంది, అదే సైజు లిథియం సెల్లు 8 గ్రాముల లోపు. చలిలో ఆల్కలైన్ నీరసిస్తుంది, లిథియం చాలావరకు తట్టుకుంటుంది. చార్జి చేసే దీపమైతే చలి రాత్రి స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకుని పడుకోండి. బటను లాక్ చేసే ఏర్పాటు ఉందో లేదో తప్పక చూడండి. నా లాంతరు కథ మీరు విన్నారుగా!

వేరే లాంతరు ఎందుకు, తలకి కట్టుకునే హెడ్‌ల్యాంపు ఉంది కదా అంటారా? నిజమే, ఒక్కరే వెళ్తే అదే చాలు. నీళ్ళు నింపిన మసక ప్లాస్టిక్ సీసాకి దీపం లోపలివైపు తిరిగేలా పట్టీ చుట్టండి. సీసా మొత్తం లాంతరులా మెత్తగా వెలుగుతుంది. కుటుంబంతో వెళ్తే మాత్రం తలో హెడ్‌ల్యాంపూ, అందరికీ కలిపి ఓ చిన్న దీపం ఉండాలి. దాన్ని టెంటు కప్పులో ఉండే గుడ్డ కొక్కేనికి తగిలించండి. కింద నేలమీద పెడితే బట్టలు మార్చుకునేటప్పుడు మీ నీడ పక్క టెంట్లవాళ్ళకి సినిమాలా కనిపిస్తుంది.

పోయినేడాది మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు, ఆయన్నీ ఏడేళ్ళ మా అమ్మాయినీ అదే పార్కులో బిగ్ మెడోస్ క్యాంపుగ్రౌండుకి తీసుకెళ్ళాను. నా చిటికెడు దీపం చూసి, "ఇదేంట్రా, ఈ గుడ్డి దీపం కోసమా ఇంత దూరం?" అన్నారు. పాప కూడా మొహం చిన్నబుచ్చుకుంది. కాసేపటికి ఆయనే దాని వెలుగు ఇంకా తగ్గించి, "మా ఊళ్ళో కరెంటు రాకముందు మా అమ్మ ఇలాగే లాంతరు ఒత్తి దించేసి పడుకోబెట్టేది" అని మనవరాలికి కథ మొదలుపెట్టారు. కథ సగంలోనే పాప నిద్రపోయింది.

రాత్రి రెండింటికి ఆయన బాత్రూముకని లేచారు. డెబ్భై ఏళ్ళ మనిషి, కొత్త చోటు, బయట రాళ్ళు. నేనూ లేచాను. ఎర్ర దీపం వెలుగులో చెప్పులు దొరికాయి, పాప కదల్లేదు. తిరిగి వస్తూ టెంటు ముందు ఆగి, "అది ఆర్పెయ్ రా ఒకసారి" అన్నారు. ఆర్పేశాను. ఇద్దరం తలెత్తి చూస్తూ చాలాసేపు నిలబడ్డాం. అన్ని చుక్కలు ఆయన మళ్ళీ చిన్నప్పటి తర్వాత చూడలేదట.

ఈ వేసవిలో మీరు వెళ్తే చిన్న దీపం పట్టుకెళ్ళండి. అగ్గిపెట్టె టెంటు బయటే ఉంచండి.