సున్నము నేర్పు రసాయన శాస్త్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో విద్యార్థుల నుద్దేశించి చేయబడిన ఉపన్యాసము)



సంస్కృత నిఘంటువులయందు 'సుధ' యను పదమునకు అమృతమనియు, సున్నమనియు రెండర్థములు గలవు. సుధతో పూయబడినది గనుకనే మేడకు సౌధమను పేరు కలిగినది. రసాయన శాస్త్రమనగానే గాజు గొట్టములును, పట్టణపు ప్రయోగశాలలును విద్యార్థికి తలపునకు వచ్చును. కాని ఆ శాస్త్రపు తొలి పాఠములు పెక్కులు ఇంటి గోడకు పూయు సున్నమునందే యిమిడియున్నవి.

సున్నపురాయి పల్నాటి సీమలో విస్తారముగా లభించును. అమరావతి స్తూప శిల్పములు చెక్కబడినది ఆ జాతి రాతియందే. ఆ రాతిని సమ్మెటతో కొట్టి పొడిచేసినను అది సున్నపురాయియే. రూపము మారినది గాని పదార్థము మారలేదు. ఇది భౌతిక మార్పు. దానినే బట్టీలో పేర్చి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చినచో పొడిసున్నమను వేరొక పదార్థము పుట్టును. ఇది రసాయనిక మార్పు.

శుద్ధమైన రాయి 100 కిలోలు కాల్చినచో మిగులు సున్నము 56 కిలోలు మాత్రమే. తక్కిన 44 కిలోలు ఎచటికి పోయినవి? రాతియందు బంధింపబడియుండిన బొగ్గుపులుసు గాలి వేడిమిచే విడివడి పోయినది. తూనిక సాయమున ఈ రహస్యమును వెల్లడించి, 1756లో ప్రకటించినవాడు స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్. రసాయనిక మార్పునందు ద్రవ్యము పుట్టదు, నశింపదు అను సూత్రమును ఫ్రాన్సు దేశీయుడగు లెవోయిజర్ 1789లో తన గ్రంథమున స్పష్టపరచెను. జమకును ఖర్చునకును పొసగని పద్దు ప్రకృతి లెక్కలో కానరాదు.

పొడిసున్నముపై నీరు పోయగా అది బుసబుస పొంగి, కుతకుత ఉడుకును. క్రింద నిప్పు లేదు. ఆ వేడి రసాయనిక సంయోగము వలన పుట్టినదే. 56 కిలోల సున్నము 18 కిలోల నీటిని తనలో కలుపుకొని 74 కిలోల తడిసున్నమగును. దీనిని గోడకు పూసినపుడు గాలిలోని బొగ్గుపులుసు గాలిని 44 కిలోలు మెల్లమెల్లగా గ్రహించి, 18 కిలోల నీటిని విడిచి, మరల 100 కిలోల సున్నపురాయియే యగును. బట్టీలో పోగొట్టుకొనినదానిని గోడమీద తిరిగి పొందినదన్నమాట! వెల్లవేసిన గోడపై నిలిచియుండునది పలుచని రాతి పొరయే.

సున్నపుతేటలోనికి బొప్పాయి ఆకుకాడతో ఊదినచో తేట పాలవలె తెల్లబడును. ఊపిరిలోని బొగ్గుపులుసు గాలియే అందులకు కారణము. ఊదవలెనే గాని పీల్చరాదు. పసుపులో సున్నము కలుపగా ఎఱ్ఱని పారాణి యగును. నిమ్మరసము చాలినంత పిండినచో మరల పసుపుపచ్చనగును. క్షారమును, ఆమ్లమును గుర్తించుటకు పసుపే సూచిక. ప్రతి వంటయింటను ఉన్న పరికరమిది.

ఇక ముఖ్యవిషయము. సుధ యన్న పేరున్నను కంటికి సున్నము విషతుల్యము. అది తీవ్రమైన క్షారము. కనుగ్రుడ్డు లోతునకు చొచ్చుకొనిపోవును. తాంబూలపు సున్నపు పొట్లమును నొక్కి ఆడుకొనుచుండగా అది చిట్లి కంటబడి, చూపు కోల్పోయిన పసివారు కలరు. పొట్లమును పిల్లల చేతికందనీయరాదు. సున్నము నానవేయునపుడు వారిని దూరముగా నుంచవలెను. కంటబడినచో నలుపరాదు. పులుపు చేర్చిన క్షారము విరుగునని చదివి నిమ్మరసము పిండుట మరింత ప్రమాదము. తక్షణమే రెప్పలు విప్పి, శుభ్రమైన నీటిధారతో అరగంటకు తక్కువ గాకుండ కడిగి, వెంటనే కంటి వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. వైద్యుని వెదకుటకన్న ముందు నీరు. ఈ క్రమము తప్పరాదు.

చదివిన శాస్త్రము ఇంటికి చేరినపుడే గ్రంథాలయమునకు సార్థకత. ఈ కడపటి మాటలను విద్యార్థులు నేటి రాత్రియే తమ యిండ్లలో తాంబూలము వేసికొను పెద్దలకు చదివి వినిపింతురుగాక!