చిలుకను పట్టి అమ్మిన పీడ వదలదు



పల్నాటి జొన్న, మొక్కజొన్న చేలపై రామచిలుకలు చేయు నష్టము మీరెరిగినదే. "పట్టి అమ్మిన పీడ వదలును గదా" అని కొందరందురు. అది పొరపాటు. ఉత్తర హిందూస్థానము, పాకిస్తానులనుండి పంజరములలో ఐరోపాకు పోయిన రామచిలుకలు తప్పించుకొని, 1969 నాటికే ఇంగ్లండులో గూళ్లు పెట్టినవి. నేడు లండను తోటలలో గుంపులుగా తిరుగుచు, చెట్టు తొర్రలకై అచ్చటి పక్షులతో పోటీపడుచున్నవి. అమ్మకము పీడను మరియొకరి నెత్తికెత్తును, అంతే. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము చిలుకలను పట్టుట, అమ్ముట నేరము.

గింజ పాలుపట్టు దశలోనే మెరుపు రిబ్బనును మెలిపెట్టి, ఎండకు మెరయునట్లు పైరుకు కొంచెము పైగా కట్టవలెను. గట్టువెంట మొక్కజొన్న కంకులను ఆ మొక్క ఆకులతోనే చుట్టవలెను.

చిలుకను చేనినుండి తోలుడు, పంజరములోనికి తోలవద్దు.