జీతగాఁడా, గుత్తపనివాఁడా?



దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి.నగరు వఱకుఁ గల మన వడ్రంగి దుకాణములలోఁ దఱచుగ వినవచ్చు ప్రశ్న యొకటి గలదు: పనివానికి నెలజీత మీయవలెనా, తలుపున కింతయని గుత్త కీయవలెనా?

కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున భృతకధర్మమును, కలిసి పనిచేయు సంభూయసముత్థానమును వేర్వేఱుగఁ జెప్పెను. తన పనిముట్లతో, తన వేళకు, నాలుగు దుకాణములకుఁ బనిచేయువాఁడు గుత్తదారు. మనము చెప్పిన వేళకు వచ్చి, మన రంపముతోఁ గోయువాఁడు, ఏ పేరఁ బిలిచినను, జీతగాఁడే. వాని వ్రేలు తెగినపుడు “గుత్తవాఁ”డని తప్పించుకొనుట యధర్మము. పనిలో గాయపడినవానికిఁ బరిహార మీయవలెనని 1923 లోనే శాసనమయ్యెను.

గృహప్రవేశములు లేని యాషాఢమున జీతము బరువే. గుత్తను మేము నిందింపము. కాని గుత్తవాఁడు తొందరలో విద్య నేర్పఁడు. కావున దుకాణమున కొక్క యువకునకైన జీతమిచ్చి కులవిద్యను నిలుపుఁడని మా ప్రార్థన.