ఎండుటాకులో పప్పెంత?

ఉస్మాన్‌గంజ్ టోకు దుకాణాల్లో బస్తాల కొద్దీ పప్పులు. 100 గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులు, అంటే మూడున్నర గ్రాముల నత్రజని. అదే బరువు ఎండుటాకుల్లో ఒక గ్రాము ఉంటే గొప్పే! ఆకు రాల్చేముందే చెట్టు ఇంచుమించు సగం వెనక్కి లాగేసుకుంటుంది మరి.

ఇంత చప్పిడి భోజనంతో నేలలోని జీవాలు ఎలా బతుకుతాయి?

నల్లమలలో నాలుగు వానలు పడ్డాక తడిసిన ఆకుల పొర ఎత్తి చూస్తే, ఆకుకీ ఆకుకీ మధ్య తెల్లటి దారాల్లా బూజు కనిపిస్తుంది. అసలు వంటమనిషి అదే. ఆకులోని కర్బనాన్ని చాలావరకు ఊపిరిగా వదిలేసి, నత్రజనిని ఒంట్లో పోగుచేసుకుంటుంది. చుట్టూ ఉన్న మట్టి నుంచీ కొంత లాక్కుంటుంది. బూజు పట్టిన ఆకంటేనే రోకలిబండ పురుగుకు ఇష్టం. అది తన పెంటికలనే మళ్లీ తింటుంది కూడా. వాటి మీద అప్పటికి సూక్ష్మజీవులు పెరిగి ఉంటాయి.

చెదలు ఇంకా గడుసువి. కొన్ని రకాల చెదల పేగుల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనినే పట్టి ఇస్తుంది. మన దగ్గర పుట్టలు పెట్టే చెదలైతే తిని విసర్జించిన ఆకుల పిప్పి మీద బూజు తోట పెంచి, దాన్నే తింటాయి. వానాకాలంలో ఆ పుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు ఆ తోటలోవే.