చవక ధరలో బేస్ గిటారు: ఎన్నిక, పరీక్ష

సంగీతములో మనము మొదట వినునది పాట. ఆ పాటను క్రింద నుండి మోయునది ఆధారశ్రుతి. మన కచేరీలలో ఆ భారము తంబురది. సినిమా పాటలోను, చర్చి గానములోను, పెండ్లిపందిళ్ల ఆర్కెస్ట్రాలోను ఆ భారమును వహించునది బేస్ గిటారు. అయితే తంబుర ఒక్కచోట నిలిచి శ్రుతినిచ్చును. బేస్ గిటారు పాటతో పాటు తానును అడుగులు వేయును. 1980ల నుండి ఇళయరాజా పాటలు విన్న తెలుగువారికి ఈ వాద్యము పేరు తెలియకున్నను దాని నడక చెవికి పరిచితమే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి ఊళ్లలో ఒక యువకుడు ఈ వాద్యము కావలెనని అడిగినప్పుడు ఇంటి పెద్దలకు కలుగు సందేహము ఒకటే: చీనీకాయలమ్మిన డబ్బులో నుండియో, నెలజీతములో నుండియో 10 వేలు, 15 వేలు తీసి పెట్టిన వస్తువు పనికివచ్చునా, మూలపడునా? చవకది చెడ్డదే యని కొందరందురు. నేర్చుకొనుటకు ఏదైన నొకటేనని మరికొందరందురు. ఈ రెండవ మాట మొదటి దానికంటె ప్రమాదకరము. ఏలయన, ఆరితేరిన వాడు వాద్యములోని దోషమును వెంటనే కనిపెట్టును. క్రొత్తగా నేర్చువాడు దానిని తన వ్రేళ్ల దోషమని తలచును. ఆరు నెలలు శ్రమించి, తనకు సంగీతము రాదని నిశ్చయించుకొని, వాద్యమును అటకమీద పెట్టును. అప్పుడు నష్టపోయినది డబ్బు మాత్రమే కాదు.

అమెరికాలో లియో ఫెండర్ 1951లో విద్యుత్ బేస్ గిటారును విపణిలోనికి తెచ్చినప్పుడు దానికి 'ప్రెసిషన్ బేస్' అని పేరు పెట్టెను. ప్రెసిషన్ అనగా ఖచ్చితత్వము. అంతకుముందు వాడుకలోనున్న పెద్ద డబుల్ బేస్‌కు మెట్లు లేవు; స్వరస్థానమును వ్రేలు వెదకుకొనవలసినదే. క్రొత్త వాద్యమునకు మెట్లుండుటచే స్వరము ఉన్నచోటనే దొరకెను. కావున రంగు, మెరుగు ఎట్లున్నను, మెట్టుమీద సరియైన స్వరము పలుకని బేస్ గిటారు తన పుట్టుకకు గల ప్రయోజనమునే కోల్పోయినట్లు.

దోషములు రెండు తెరగులు: మరతో దిద్దదగినవి, దిద్దరానివి. వీణమెట్లు మైనముపై నిలిచియుండును గనుక మరల కట్టించుకొనవచ్చును. గిటారు మెట్లు కొయ్యలో దిగగొట్టినవి. కనుక కొనుటకు ముందే చూడవలెను.

మొదట వాద్యమును కంటికెదురుగా పట్టి, మెడను తుపాకి గొట్టమువలె వెంబడి చూడుడు. కొద్దిగా వంగియున్న భయము లేదు. మెడలోపలి ఉక్కుకడ్డీని త్రిప్పి సరిచేయవచ్చును. పురి తిరిగియున్నచో విడిచిపెట్టుడు. తరువాత నాలుగు తీగలమీదను ఒక్కొక్క మెట్టే నొక్కి మీటుడు. అన్నిచోట్లను గరగరలాడినచో తీగలెత్తు పెంచిన పోవును. ఒక్కచోట మాత్రమే గరగరలాడినచో ముందరి మెట్టు ఎగుడుగా నున్నదని గ్రహింపవలెను.

మూడవది శ్రుతిపరీక్ష. పండ్రెండవ మెట్టు తీగకు సరిగా నడుమ నుండును. తీగ నిడివి సాధారణముగా 34 అంగుళములు గనుక అది 17 అంగుళముల దాపున వచ్చును. ఆ మెట్టుపై తీగను వ్రేలితో తాకీ తాకనట్లుంచి మీటి విని, పిదప అదే మెట్టును నొక్కి మీటవలెను. రెండు స్వరములు ఏకముగా నుండవలెను. చేతిఫోనులోని శ్రుతిసాధనము ఈ తేడాను చూపును. బ్రిడ్జిపైనున్న మరలతో ఇది సరిపడినచో మంచిదే. ఎంత త్రిప్పినను సరిపడనిది మనకు వద్దు.

దూరపు అంగడినుండి తెప్పించుకొనువారు ఫోనులో విని మోసపోరాదు. బేస్ గిటారు అడుగు తీగ సెకనుకు 41 కంపనములు చేయును. ఫోనులోని, చిన్న రేడియోలోని స్పీకరు ఆ స్వరమును పలుకజాలదు. దానితో పుట్టు పై స్వరములు వినబడగా, లోపించిన దానిని మన చెవియే పూరించుకొనును. కావున వాద్యము మంద్రస్థాయి గుణము ఫోనులో తెలియదు. సరిచూచి, కాదన్న తిరిగి తీసికొందుమను అంగడివారి వద్దనే కొనుట మేలు.

ధనమంతయు వాద్యమునకే వ్యయింపరాదు. తీగలకు, సరిచేయించుటకు, బేస్ కొరకే చేసిన చిన్న యాంప్లిఫయరుకు కొంత మిగుల్చుకొనవలెను. ఇంటిలోని పాటలపెట్టెకు కలిపి గట్టిగా వాయించినచో దాని స్పీకరు చెడును. మరియొక మాట అతి ముఖ్యము: వాయించువాని వ్రేళ్లు తాకు తీగలు యాంప్లిఫయరు ఎర్తుతో కలిసియుండును. కనుక మూడు పిన్నుల ప్లగ్గును ఎర్తు సరిగానున్న సాకెట్టులోనే పెట్టవలెను. పందిళ్లలో తాత్కాలికముగా లాగిన తీగలున్నచోట ఇది ప్రాణములతో కూడిన విషయము.

మన సీమ ఎండలకు కొయ్య ఎండి కుంచించుకొనును. అప్పుడు మెట్ల చివరలు బయటికి పొడుచుకొనివచ్చి చేతిని గీరును. రేకుల గదిలోను, ఎండలో నిలిపిన కారులోను వాద్యము నుంచరాదు.

ఈ పరీక్షలకు పట్టునది అరగంట. ఇవి నెగ్గిన వాద్యము చవకదైనను కొన్నేండ్లపాటు నమ్మకముగా పలుకును. అప్పుడు తప్పు వచ్చినచో అది వ్రేలిదే యని తెలియును. వ్రేలి తప్పును సాధన దిద్దును. నేర్చుకొను బిడ్డకు పెద్దలు చేయదగిన మేలు ఖరీదైన వాద్యము కొనిపెట్టుట కాదు, అబద్ధమాడని వాద్యమును చేతికిచ్చుట.